గేటు దాకా

మొదటి మనిషిని హేసుక్ గేటు దాకా సాగనంపినప్పుడు ఎవరూ ఆపలేదు.

ఆ మొదటి మనిషి చేపలమ్మే తెరెసా. సందంతా లోలా, అంటే అమ్మమ్మ, అని పిలిచే కొన్సింగ్ పోయిందని తెలియగానే గంప రోడ్డు పక్కన దించేసి, తడి చేతులు గౌనుకు తుడుచుకుంటూ వచ్చింది. హాల్లో పెట్టిన శవపేటిక దగ్గర నిలబడి అద్దంలోంచి ముసలావిడ మొహం చూసింది. శిలువ గుర్తు వేసుకుంది. కాఫీ తాగింది. లేచింది.

ఇంట్లో ఒక్కరూ లేవలేదు. తొంభై ఒక్కేళ్ళ తల్లిని పోగొట్టుకున్న తీతా ఎస్తెర్, అంటే ఎస్తెర్ అత్త, కుర్చీలోంచి తలయినా ఎత్తలేదు. హేసుక్‌కి మనసు చివుక్కుమంది. ఇంటికొచ్చి ఏడ్చి వెళ్తున్న మనిషిని వాకిలి దాకా అయినా సాగనంపకపోతే ఎలా? తనే లేచింది. తెరెసా వెనకాలే నడిచి, గేటు గడియ తీసి, రెండు చేతులూ పొట్ట దగ్గర చేర్చి నడుము దాకా వంగింది. తెరెసా కంగారుపడి తనూ కాస్త వంగి, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

వెనక్కి తిరిగితే కిటికీ దగ్గర తీతా ఎస్తెర్ నిలబడి తననే చూస్తోంది. హేసుక్ చూడగానే చూపు తిప్పుకుంది.

ఎనిమిది వారాల ఇంగ్లీషు కోర్సుకని కొరియాలోని గున్సాన్ నుంచి ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగరానికి వచ్చిన మనిషి హేసుక్. వచ్చిన మూడో వారానికి విమానాలు ఆగిపోయాయి. లోకం మొత్తం తలుపులేసుకుని కూర్చుంది. ఏప్రిల్‌లో గున్సాన్‌లో అమ్మ పోయింది. అన్నయ్య ఫోన్‌లో చూపించిన ఏడు నిమిషాలే హేసుక్ చూసిన అంత్యక్రియలు. ఆ తర్వాత విమానాలు ఎగిరాయి, తలుపులు తెరుచుకున్నాయి. హేసుక్ మాత్రం వెళ్ళలేదు. వెళ్తే ఎవరి దగ్గరికి? కొరియా ఫ్యాక్టరీలకు వెళ్ళాలనుకునే ఇక్కడి కుర్రాళ్ళకు కొరియన్ భాష నేర్పుతూ, హారో పేటలోని ఈ సన్నటి సందులో, ఈ ఇంట్లోనే ఉండిపోయింది. నాలుగేళ్ళు గడిచాయి.

ఉన్నది జోవెలిన్ గదిలో. జోవెలిన్ తీతా ఎస్తెర్ కూతురు. దోహాలో ఎవరింట్లోనో పిల్లల్ని పెంచుతోంది. ఆరేళ్ళయింది వెళ్ళి. ఆమె మంచం, ఆమె అద్దం, అద్దం చుట్టూ ఆమె చిన్నప్పుడు అంటించిన స్టిక్కర్లు, అన్నీ హేసుక్ వాడుకుంటోంది. మేడ మీది గదిలో నార్వే ముసలాయన ఓలాఫ్ ఉంటాడు. ఒకప్పుడు ఓడల్లో పనిచేశాడట. ఆయన రోజుకు రెండుసార్లు కిందికి దిగుతాడు, ఒకసారి అన్నానికి, ఒకసారి బీరుకి.

పొద్దున్నే బ్రెడ్డువాడి హారన్, ఆ వెంటనే నాలుగిళ్ళ కోళ్ళు, ఆ తర్వాత ఎదురింటి చిల్లర కొట్టు పూరింగ్ గొంతు. ఆ గొంతు లేచాక ఇక సందులో ఎవరూ పడుకోలేరు. ఎనిమిదింటికి లోలా కొన్సింగ్‌ని చక్రాల కుర్చీలో గేటు ముందు ఎండలో కూర్చోబెట్టడం హేసుక్ పని. ఎవరూ అప్పగించలేదు. ఒకరోజు తీతాకి నడుం పట్టేస్తే చేసింది. మర్నాడూ చేసింది. తర్వాత అది తన పనైపోయింది. దారినపోయే ప్రతి మనిషీ ఆగి ముసలావిడ చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంటుంటే, ఆవిడ దీవించేది, హేసుక్ గొడుగు పట్టేది.

పొద్దున ఎనిమిదింటి ఆ పని మంగళవారం నుంచి లేకుండా పోయింది.

చావింటి నియమాలు తీతా ఎస్తెర్ బుధవారం పొద్దున వంటింట్లో నిలబడి చెప్పింది.

"ఇల్లు ఊడవకూడదు ఇందాయ్. ఎంత చెత్త పడ్డా సరే." ఇందాయ్ అంటే ఆ ప్రాంతంలో ఆడపిల్లని ముద్దుగా పిలిచే పిలుపు. "మునగాకు వండకూడదు. ఆకు వెంట ఆకు రాలినట్టు మనిషి వెంట మనిషి పోతాడంటారు. ఇంట్లో తలస్నానం వద్దు, పూరింగ్ ఇంటికెళ్ళి చెయ్యి. పేటిక మీద కన్నీటి చుక్క పడనివ్వకు."

"ఇంకేమన్నా ఉందా తీతా?"

తీతా ఒక్క క్షణం ఆగింది. స్టవ్ మీద కాఫీ గిన్నె పొంగొస్తోంది. దాన్ని దించింది. "అంతే," అంది.

జోవెలిన్ వచ్చేదాకా పూడ్చకూడదని నిర్ణయం. దోహాలో యజమానురాలు సెలవిచ్చి, టికెట్ దొరికి, విమానం దిగేసరికి ఆదివారం అవుతుంది. అంటే ఆరు రోజులు. సందులో నీలం టార్పాలిన్ కట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పేకాట బల్ల ఒకటి, డొమినోల బల్ల ఒకటి. వేరుశనగ గింజలు, బిస్కెట్లు, కాఫీ. వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు. పోయే ప్రతివాళ్ళ వెనకా హేసుక్ గేటు దాకా వెళ్తోంది.

ఆమె నడుము వంచినప్పుడల్లా ఎదురుగా ఉన్నది ఆ మనిషి కాదు. గున్సాన్‌లో మందుల షాపాయన. అమ్మతో పాటు చేపల మార్కెట్‌లో ముప్ఫై ఏళ్ళు కత్తి పట్టిన మల్‌సున్ అత్త. బస్సు డ్రైవర్. ఏడు నిమిషాల ఫోన్‌లో మాస్కులతో లీలగా కనబడి, తలుపులోంచి వెళ్ళిపోయిన వాళ్ళు. వాళ్ళ వెనక నడిచినవాళ్ళు లేరు. ఇక్కడ ఒక్కొక్కరినీ సాగనంపుతుంటే, భుజాల మీది మూట కొంచెం కొంచెంగా దిగుతున్నట్టు ఉంది. బెనెడిక్టో మాస్టారు అయితే గేటు దగ్గర ఆగి, టోపీ తీసి, తనూ అంతే కిందికి వంగేవాడు. అరవై ఏళ్ళ కింద లోలా కొన్సింగ్ వెంట పడి, చివరికి ఆవిడ పెళ్ళికి గిటార్ వాయించాల్సి వచ్చిన మనిషి ఆయన. రోజూ వస్తున్నాడు.

గురువారం మధ్యాహ్నం పూరింగ్ కొట్లో తల తుడుచుకుంటుంటే బాంబు పడింది.

"నీలాంటి మనిషి దొరకడం ఎస్తెర్ అదృష్టం కొరియా," అంది పూరింగ్, సీసా మూత పళ్ళతో తీస్తూ. హేసుక్‌ని ఆమె పిలిచేది అలాగే. "మా అత్త పోయినప్పుడు సాగనంపడానికి బయటివాళ్ళు ఎవరూ లేక, వచ్చినవాళ్ళు దొంగల్లాగా జారుకున్నారు."

"బయటివాళ్ళా?"

"మరి? ఇంటివాళ్ళు సాగనంపకూడదుగా. ఇంటి మనిషి గేటు దాకా వెళ్తే చావుని వెంటబెట్టుకు తిరిగొస్తాడు. ఇంకో పేటిక చేయించుకోవాల్సిందే. నువ్వంటే ఇంటిదానివి కాదు, నీకేం కాదు, హాయిగా వెళ్ళొచ్చు. ఓలాఫ్ కూడా వెళ్ళొచ్చు. కానీ ఆయన మోకాళ్ళతో గేటు దాకా వెళ్ళి వచ్చేలోపు శవాన్ని పూడ్చేస్తారు."

తన జోకుకి తనే నవ్వింది. హేసుక్ తువ్వాలు తల మీదే పట్టుకుని ఉండిపోయింది.

ఇంతకుముందు ఈ సందులో రెండుసార్లు చావింటికి వెళ్ళింది తను. ఎవరూ లేచి గేటు దాకా రాలేదేమిటని మనసులో నొచ్చుకుంది కూడా. ఇప్పుడు అర్థమైంది. ఇంకోటి కూడా అర్థమైంది. బుధవారం పొద్దున వంటింట్లో అన్నీ చెప్పిన తీతా, ఇదొక్కటే చెప్పలేదు. మర్చిపోయి కాదు. ఆగింది. ఆలోచించింది. 'అంతే' అంది.

నాలుగేళ్ళు ముసలావిడ నోట్లో గంజి పోసింది. గోళ్ళు తీసింది. జ్వరమొస్తే పక్కన కూర్చుంది. ఇంటి మనిషివా కాదా అని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అడగనన్నాళ్ళూ బాగానే ఉంది. ఇప్పుడు జవాబు తెలిసిపోయింది. బయటి మనిషి ఒకరు కావాల్సొచ్చారు, తను పనికొచ్చింది. అంతే.

ఆ సాయంత్రం కూడా గేటు దాకా వెళ్ళింది. శుక్రవారం, శనివారం కూడా వెళ్ళింది. నడుము వంగుతోంది కానీ భుజాల మీది మూట మాత్రం దిగడం మానేసింది. శుక్రవారం రాత్రి భోజనానికి ముందే జోవెలిన్ గదిలోంచి తన బట్టలు తీసి సూట్‌కేస్‌లో సర్దింది. ఎవరో చెప్పి ఖాళీ చేయించడం కంటే ఇది నయం.

ఆదివారం పన్నెండింటికి ఆటోలాంటి ట్రైసికిల్ వచ్చి ఆగింది. జోవెలిన్ దిగింది. ఫోన్‌లో కనబడేదానికంటే పొట్టి. సామాన్లు దించకుండానే నేరుగా లోపలికి వెళ్ళి పేటిక అద్దం మీద పడబోతే, ఇద్దరు పట్టుకుని ఆపారు. కన్నీళ్ళు పడకుండా ఎవరో ఆమె గడ్డం కింద తువ్వాలు పెట్టారు. ఆ ఏడుపు విని పేకాట బల్ల దగ్గర కూడా ముక్కలు దించేశారు.

గంట తర్వాత గదిలోకి వచ్చేసరికి హేసుక్ సూట్‌కేస్ పక్కన నిలబడి ఉంది.

"ఇదేంటి? ఎక్కడికి?" అంది జోవెలిన్.

"మీ గది మీకు. నేను హాల్లో పడుకుంటాను."

"హాల్లో అమ్మమ్మ ఉంది. ఆవిడ గురక మీకు తెలీదు." జోవెలిన్ నవ్వబోయింది. కుదరలేదు. మంచం మీద కూలబడింది. "ఆరేళ్ళు ఇంకొకళ్ళ పిల్లల మంచం కింద పరుపేసుకుని పడుకున్నాను. ఒంటరి గదిలో నాకు నిద్ర పట్టదు. గోడ వైపు నాది, ఇటు మీది."

హేసుక్ సూట్‌కేస్ పిడి వదల్లేదు. ఇది మర్యాద. వచ్చిన అతిథిని పొమ్మనకపోవడం ఈ వీధి మర్యాద.

"ఒకటడుగుతాను, నిజం చెప్పండి," అంది జోవెలిన్, స్టిక్కర్ల అద్దం వైపు చూస్తూ. "చివర్లో అమ్మమ్మ నన్ను అడిగిందా?"

"మిమ్మల్నే పిలిచింది. నీళ్ళు తాగిస్తుంటే నన్ను చూసి మీ పేరు పెట్టి పిలిచింది."

"మీరేం చేశారు?"

"పలికాను."

జోవెలిన్ మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. తర్వాత లేచి, సూట్‌కేస్‌ని కాలితో మంచం కిందికి తోసి, బయటికి వెళ్ళిపోయింది.

మర్నాడే పూడ్చడం కాబట్టి ఆ సాయంత్రం సందు నిండిపోయింది. ఇంకా వెలుతురుండగానే ప్రార్థన అయిపోయింది. జనం లేవడం మొదలుపెట్టారు. ముందు లేచింది బ్రెడ్డువాడి భార్య, ఆమె అక్కచెల్లెళ్ళు ఇద్దరు. ముగ్గురూ హాలు దాటి, మెట్లు దిగి, అలవాటైన ప్రకారం వెనక్కి చూశారు.

హేసుక్ కుర్చీలోనే ఉంది.

లేవకూడదని ముందుగా అనుకున్నది కాదు. కాళ్ళు లేవలేదు. ఇప్పుడు జోవెలిన్ కూడా ఉంది. ఇంటివాళ్ళందరూ ఒక వరసలో కూర్చుని ఉంటే, తనొక్కతే లేచి బయటికి నడిస్తే, ఇంటివాళ్ళకీ తనకీ మధ్య గీత అందరికీ కనబడుతుంది. ఆరు రోజులు గీసింది చాలు.

"ఏం కొరియా, కాళ్ళు పట్టేశాయా?" అంది పూరింగ్ కాఫీ ట్రేతో పక్కనుంచి పోతూ. "వాళ్ళు నిలబడ్డారక్కడ."

"నేను వెళ్ళను."

"ఎందుకు?"

"వెళ్ళను."

పూరింగ్ నోరు తెరిచింది. ఈ ఇంట్లో హేసుక్ కాదనడం ఆమె ఎప్పుడూ వినలేదు. చుట్టుపక్కల తలలు తిరిగాయి. గేటు దగ్గర ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని గడియ తామే తీసుకున్నారు. తీతా ఎస్తెర్ లేచి వచ్చింది. హేసుక్ మణికట్టు పట్టుకుని పెరటి వంటింట్లోకి తీసుకెళ్ళింది.

అక్కడ ఊడవని నేల మీద ఆరు రోజుల ఉల్లిపొట్టు పాదాల కింద కరకరలాడింది.

"పూరింగ్ చెప్పిందా?"

"గురువారమే."

"దాని నోట్లో నువ్వుగింజ నానదు."

"అన్నీ చెప్పి అదొక్కటే ఎందుకు చెప్పలేదు తీతా?" హేసుక్ గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "నేను బయటిదాన్ననేగా? నాకేమీ కాదనేగా? ఆ మాటే చెప్పి పంపినా వెళ్ళేదాన్ని. పని చెయ్యడానికి నాకేం కష్టం లేదు. తెలియకుండా పంపారు చూడండి, అది."

తీతా ఎస్తెర్ పొయ్యి గట్టుకి ఆనుకుంది. ఆరు రోజుల్లో ఆరేళ్ళు పైబడినట్టుంది మనిషి.

"మొదటి రోజు చేపల తెరెసా వెనక నువ్వు లేచావు. నిన్ను పట్టుకు లాగుదామని నేనూ లేచాను. కిటికీ దాకా వచ్చేసరికి నువ్వు వంగి ఉన్నావు. ఎంతసేపు వంగావో నీకు తెలుసా? తెరెసా మలుపు తిరిగిపోయింది. నువ్వు లేవలేదు. మీ అమ్మ పోయిన రోజు ఇక్కడే, ఇదే గట్టు దగ్గర నాతో ఏమన్నావు?"

హేసుక్‌కి గుర్తు లేదు. ఆ రోజుది ఏదీ గుర్తు లేదు.

"'అన్నయ్య ఒక్కడే ఉన్నాడు తీతా. వాడు లోపల నిలబడితే, వచ్చినవాళ్ళని సాగనంపడానికి గుమ్మం దగ్గర ఎవరూ లేరు' అన్నావు. పొద్దుపోయేదాకా అదే మాట. అన్నం పెడితే అదే మాట. గేటు దగ్గర వంగి ఉన్న నిన్ను కిటికీలోంచి చూడగానే నాకు అది వినబడింది. ఇంకెలా ఆపను?"

బయట డొమినోలు బల్ల మీద టకటకమన్నాయి. ఎవరో దగ్గారు.

"బయటిదానివని ఊరుకున్నానా? అలా అయితే హాయిగా ఉండేదాన్ని." తీతా జేబులోంచి జపమాల తీసి చూపించింది. పూసల మధ్య దారం చెమటకి నల్లబడింది. "ఇంటి పిల్ల గేటు దాకా వెళ్తే ఏమవుతుందో మా అమ్మ నాకు ఊయలలోనే నేర్పింది. నువ్వు లేచినప్పుడల్లా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను. తిరిగొచ్చి గడప దాటేదాకా పూసలు వదల్లేదు. చచ్చిపోయిన మా అమ్మ కోసం చేసిన జపం కంటే నీ కోసం చేసిందే ఎక్కువ. ఆవిడ పైనుంచి తిట్టుకుంటూ ఉంటుంది."

హేసుక్ గట్టు అంచు పట్టుకుంది.

"మరి ఓలాఫ్?" అంది చివరికి. అడగాల్సింది అది కాదని అడిగాక తెలిసింది.

"ఓలాఫ్ పోయి పసిఫిక్ దాకా సాగనంపి రానీ, నాకేం భయం లేదు." తీతా ముక్కు తుడుచుకుంది. "చూడు ఇందాయ్. మీ అమ్మ కోసం వచ్చినవాళ్ళు ఎంతమందో, ఇంకా ఎంతమంది మిగిలారో నాకు తెలియదు. అది నీకే తెలుసు. చాలనుకుంటే కూర్చో. చాలదనుకుంటే వెళ్ళు, నేను పూసలు తిప్పుకుంటాను. ఇవాళ ఒక్క సాయంత్రమేగా. ఇన్నాళ్ళు భయపడ్డాను, ఇంకో గంట భయపడలేనా."

చెయ్యి పట్టుకుని మళ్ళీ హాల్లోకి తీసుకొచ్చింది. జోవెలిన్ తన పక్క కుర్చీ మీది చేతిసంచి తీసేసింది. హేసుక్ అందులో కూర్చుంది. ఒక పక్క జోవెలిన్, ఇంకో పక్క తీతా. తీతా చెయ్యి అప్పుడే జేబులోకి వెళ్ళింది.

కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. బెనెడిక్టో మాస్టారు లేచాడు. పేటిక దగ్గర ఎప్పటికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. అద్దం మీద వేలితో చిన్నగా తట్టాడు, తలుపు తట్టినట్టు. కర్ర తీసుకుని మెట్లు దిగాడు. వాకిట్లోంచి గేటు దాకా నడిచాడు.

గేటు దగ్గర ఆగాడు. టోపీ తీశాడు. వెనక్కి తిరిగి చూశాడు.

హేసుక్ మోకాళ్ళు కదిలాయి. ఇరవై అడుగులు. ఇరవై అడుగులు నడిస్తే, ఆయన ఎదురుగా వంగితే, మల్‌సున్ అత్త మళ్ళీ ఆ గుమ్మంలో నిలబడుతుంది. మందుల షాపాయన ఆగుతాడు. వాళ్ళతో అమ్మ గురించి ఒక్క మాట మాట్లాడొచ్చు. ఇంత దూరం వచ్చారు, జాగ్రత్తగా వెళ్ళండి అనొచ్చు. ఇంకా చాలామంది మిగిలే ఉన్నారు. ఈ ఒక్క సాయంత్రంతో అయిపోయేవాళ్ళు కాదు.

పక్కన తీతా పెదాలు కదులుతున్నాయి. శబ్దం లేదు. హేసుక్ ఇంకా లేవనే లేదు, ఆవిడ అప్పుడే మొదలుపెట్టేసింది.

హేసుక్ కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది.

మాస్టారు ఇంకాసేపు చూశాడు. ఆ ముగ్గురు ఆడవాళ్ళ వరసని ఈ చివరి నుంచి ఆ చివరికి చూశాడు. ఏమర్థమైందో, టోపీ పెట్టుకున్నాడు. గడియ ఆయన చేతికి లొంగలేదు. కర్ర చంకలో పెట్టుకుని రెండు చేతులతో లాగాల్సి వచ్చింది. హాల్లో కూర్చున్నవాళ్ళందరూ అది చూస్తూనే ఉన్నారు. ఎవరూ కదలలేదు. చివరికి గేటు తెరుచుకుంది. ఆయన సందులోకి నడిచి, చిల్లర కొట్టు దీపం దాటి, మలుపు తిరిగాడు.

గేటు వేసేవాళ్ళు లేక అలాగే తెరిచి ఉండిపోయింది. హేసుక్ ఆ ఖాళీ వైపే చూస్తూ కూర్చుంది. తీతా ఎస్తెర్ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది, లేవకుండా ఆపడానికో, ఊరికేనో.